ముసురు రోజుల్లో తైపే: ఒంటరి ప్రయాణికులు గుళ్లు, బజార్లు ఎలా చూడాలి

మీరు జూన్‌లో నాలుగు రోజులు ఒంటరిగా తైవాన్ రాజధాని తైపే వెళ్తున్నారు, గుళ్లు, పాత బజార్లు తప్ప మిగతావాటి మీద పెద్దగా ఆసక్తి లేదు, శాకాహారులు, వాతావరణ సూచనలో ప్రతిరోజూ వానే కనిపిస్తోంది కాబట్టి ప్రయాణం మానుకోవాలా అని అడిగారు. మానుకోనక్కరలేదు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఆ నగరంలో ఉండి, అన్ని ఋతువుల్లోనూ ఆ వీధులు తిరిగిన అనుభవంతో చెబుతున్నాను: వానను ఎలాగైనా తప్పించుకోవాలని చూసేవారే అక్కడ ఇబ్బంది పడతారు, వాన పడుతుందని ముందే ఒప్పుకొని బయలుదేరినవారికి ఆ నగరం ఎంతో అనుకూలంగా ఉంటుంది. గుళ్ల జాబితా ఒకటి, బజార్ల జాబితా ఒకటి విడివిడిగా రాసుకొని నగరం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగులు పెట్టకండి. ఒక గుడినీ, దాని చుట్టూ పెరిగిన బజారునూ కలిపి ఒక పూటకు సరిపెట్టుకోండి. తైపేలోని పాత పేటలు చాలావరకు అలాగే ఏర్పడ్డాయి. సముద్రం దాటి వచ్చినవారు ముందు తమ దేవుణ్ణి నిలబెట్టుకున్నారు, ఆ గుడి ముంగిట సంత కూడింది, సంత చుట్టూ ఊరు పెరిగింది. అందువల్ల రెండింటి మధ్య దూరం కాస్త నడక మాత్రమే, ఆ నడకలోనూ చాలా భాగం కప్పు కిందే సాగుతుంది.

వాన స్వభావం తెలిస్తే సగం బెంగ తీరుతుంది. మే మధ్య నుంచి జూన్ మధ్య వరకు ఉత్తరాన ఉన్న చల్లగాలికీ, నైరుతి నుంచి వచ్చే తేమగాలికీ మధ్య ఏర్పడే సరిహద్దు తైవాన్ మీద నిలిచిపోతుంది. స్థానికులు మేయూ అని పిలిచే ముసురు అదే. గంటల తరబడి సన్నగా కురుస్తుంది, కాసేపు తెరిపి ఇస్తుంది, ఉన్నట్టుండి కుండపోత అవుతుంది. జూన్ చివరికి వచ్చేసరికి తీరు మారుతుంది: ఉదయమంతా మండే ఎండ, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు ఉరుములతో జడివాన, సాయంత్రానికి కడిగినట్టు తేటపడిన ఆకాశం. మీరు వెళ్లేది నెల మొదట్లోనైనా చివర్లోనైనా, ఆరుబయట నడవవలసిన పనులు పొద్దున్నే పూర్తిచేసుకొని, మధ్యాహ్నం కప్పు ఉన్న చోట గడిపేటట్టు చూసుకుంటే చాలు.

ఆ కప్పు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పాత పేటల్లో దుకాణాల కింది అంతస్తు వీధి నుంచి కొంత లోపలికి జరిగి ఉంటుంది, పై అంతస్తు ముందుకు వచ్చి స్తంభాల మీద నిలుస్తుంది. ఆ కింద ఏర్పడిన వసారాలో వీధి పొడవునా నడిచిపోవచ్చు. ఎండకూ వానకూ కట్టుకున్న ఏర్పాటు ఇది. అయితే ఒక్కో ఇంటి యజమాని తన వసారాను తన ఇష్టప్రకారం ఎత్తు పెంచుకున్నాడు; నాలుగు అడుగులకొక మెట్టో, ఏటవాలో తగులుతుంది. పైగా చాలాచోట్ల నున్నటి పలకలు పరిచి ఉంటాయి, వాటి మీద నీరు పడితే కాలు నిలవదు. తైపేలో వానకంటే నేను ఎక్కువ జాగ్రత్త చెప్పేది ఈ పలకల గురించే. రబ్బరు చెప్పులు వద్దు. అడుగున గట్టి పట్టు ఉండి, తడిసినా త్వరగా ఆరే పాదరక్షలు తీసుకెళ్లండి. గొడుగు మడిచే రకానిది ఒకటి, దాంతోపాటు పలుచని వానకోటు ఒకటి ఉండాలి. ఏ మూలనున్న కన్వీనియన్స్ స్టోర్‌లోనైనా రెండూ దొరుకుతాయి కనుక ఇక్కడినుంచి మోసుకెళ్లనక్కరలేదు.

మొదటి పూట లోంగ్‌షాన్ గుడికి ఇవ్వండి. నీలం రంగు మెట్రో మార్గంలో అదే పేరుతో స్టేషన్ ఉంది. చైనాలోని ఫుజియాన్ తీరం నుంచి వచ్చిన వలసదారులు 1738లో కట్టుకున్న గుడి ఇది. ప్రధాన దైవం కరుణామూర్తి గ్వాన్‌యిన్, అంటే అవలోకితేశ్వరుడి చైనా రూపం. ఇప్పుడు కనిపించే కట్టడం ఎక్కువభాగం 1919లో మొదలైన పునర్నిర్మాణంలోనిది. అదే తీరంలోని చువాన్‌జౌ నుంచి పిలిపించిన వాంగ్ యీషున్ అనే స్థపతి దానికి రూపకల్పన చేశాడు. 1945లో మిత్రరాజ్యాల బాంబుదాడిలో మధ్య మండపం కాలిపోయినా గ్వాన్‌యిన్ విగ్రహం నిలిచింది. ఆ విషయం అక్కడి వృద్ధులు ఇప్పటికీ భక్తితో చెబుతారు.

గుడికి ఎదురుగా నిలబడితే మీ కుడివైపు ఉన్నది డ్రాగన్ ద్వారం. లోపలికి అటునుంచి వెళ్లాలి. ఎడమవైపు పులి ద్వారం నుంచి బయటికి రావాలి. మధ్య ద్వారం దేవతలది. గడపను తొక్కకుండా దాటాలి. పాదరక్షలు విప్పే ఆచారం అక్కడ లేదు, కాబట్టి తడి కాళ్లతో ఇబ్బంది ఉండదు. కానీ గొడుగును గడపకు ఇవతలే మూసి, నీళ్లు దులిపి తీసుకెళ్లండి. కప్పు కింద గొడుగు తెరవడాన్ని పెద్దవాళ్లు అశుభంగా భావిస్తారు. ముందు మండపంలో కంచుతో పోత పోసిన డ్రాగన్ స్తంభాలు రెండు ఉన్నాయి, వాటి దగ్గర ఆగండి. తర్వాత తల పైకెత్తి లోకప్పు చూడండి: చిన్న చిన్న కొయ్య బోదెలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతూ, చుట్లు తిరుగుతూ మధ్య బిందువు దాకా వెళ్తాయి. ధూపపు పొగ గురించి భయపడవద్దు. 2020 నుంచి ఈ గుడిలో భక్తులు అగరువత్తులు వెలిగించడం లేదు, చేతులు జోడించి మొక్కుతారు.

వాన పడుతున్నప్పుడే ఈ గుడిని చూడాలని నేను గట్టిగా చెబుతాను. మండపాలు నాలుగు వైపులా ఉండి మధ్యలో ఆకాశానికి తెరిచిన ముంగిలి ఉంటుంది. చూరు నీళ్లు ఆ ముంగిట్లోకే దిగుతాయి. పైకప్పు శిఖరాల మీద పింగాణీ గిన్నెలను ముక్కలుగా కత్తిరించి అతికిన డ్రాగన్లు, పక్షులు, యోధులు ఉంటారు. మామూలు రోజుల్లో దుమ్ముపట్టి మసకగా ఉండే ఆ ఆకుపచ్చ, పసుపు రంగులు తడిసినప్పుడు వేరే పనితనంలా కనిపిస్తాయి. సాయంత్రం పూట నల్లని దుస్తులు తొడుక్కున్న భక్తులు వరుసల్లో నిలబడి బౌద్ధ సూత్రాలు పఠిస్తారు. ఒక స్తంభం పక్కన, దారికి అడ్డం లేకుండా నిలబడి వినండి. అంతసేపూ ఫోన్ జేబులోనే ఉంచడం మర్యాద.

చంద్రవంక ఆకారంలో ఉన్న ఎర్రటి కొయ్య బద్దలు రెండు మీకు చాలామంది చేతుల్లో కనిపిస్తాయి. ఒకవైపు చదునుగా, ఒకవైపు ఉబ్బుగా ఉండే ఆ బద్దలతో దేవతను ప్రశ్న అడుగుతారు. ముందు మనసులో మన పేరు, పుట్టినరోజు, ఉండే చోటు చెప్పుకోవాలి, తర్వాత ఒక్క ప్రశ్న స్పష్టంగా అడగాలి, అప్పుడు బద్దలను నేలమీద వదలాలి. ఒకటి చదునుగా, ఒకటి ఉబ్బుగా పడితే ఔను. రెండూ ఉబ్బు పైకి ఉంటే కాదు. రెండూ చదును పైకి ఉంటే దేవత నవ్వుతున్నాడని, ప్రశ్న సరిగ్గా లేదని అర్థం. అనుమతి వచ్చాక పెద్ద గొట్టంలోంచి ఒక వెదురు బద్ద తీసి, దాని మీది సంఖ్యే తనకు వచ్చిన సమాధానమా అని మళ్లీ కొయ్య బద్దలతో అడుగుతారు. ఔనని వస్తేనే ఆ సంఖ్య ఉన్న సొరుగులోంచి పద్యం రాసిన కాగితం తీసుకుంటారు. విదేశీయులు ఇది చేస్తే ఎవరూ అభ్యంతరం చెప్పరు. పైగా పక్కనున్న ముసలమ్మ ఎవరో చేయి పట్టుకొని నేర్పిస్తుంది. వేడుక కోసం చేయకండి. నిజంగా అడగవలసినది ఉంటేనే అడగండి, లేకపోతే చూసి ఊరుకోండి.

గుడి పక్కనే మూలికల సందు ఉంది. కొన్ని అడుగుల వెడల్పు, రెండు వైపులా పచ్చి ఆకుల కట్టలు, ఎండిన వేళ్లు, పెద్ద డేగిసాల్లో కాచిన నల్లటి కషాయాలు. వైద్యులు దొరకని కాలంలో భక్తులు గుళ్లో దేవతను అడిగి మందు చీటీ తెచ్చుకొని ఇక్కడ మూలికలు కొనుక్కునేవారు. గుడికీ బజారుకూ ఉన్న బంధం ఇంతకంటే స్పష్టంగా మరెక్కడా కనిపించదు. ఒక గ్లాసు చల్లని మూలికల పానీయం తాగి చూడండి, చేదుగానే ఉంటుంది. వాన పెరిగితే నాలుగు అడుగుల దూరంలో బోపిలియావ్ అనే పాత ఇటుక వసారాల వీధి ఉంది, దాన్ని కాపాడి ప్రదర్శనశాలగా ఉంచారు. హువాషీ వీధి రాత్రి బజారుకు పైకప్పు ఉంది కానీ శాకాహారికి అక్కడ తినడానికి పెద్దగా ఏమీ ఉండదు.

రెండో పూట దాదావ్‌చెంగ్‌కు. ఈ పేట పుట్టుక వెనక ఒక రక్తపాతం ఉంది. 1853లో లోంగ్‌షాన్ గుడి ఉన్న మెంగ్‌జియాలో వలసదారుల వర్గాల మధ్య పోరాటం జరిగింది. ఓడిపోయిన, ఫుజియాన్‌లోని తోంగ్‌ఆన్ నుంచి వచ్చినవారు తమ నగరదేవత విగ్రహాన్ని ఎత్తుకొని ఉత్తరానికి పారిపోయి, నది ఒడ్డున కొత్త బజారు పెట్టుకున్నారు. ఆ విగ్రహానికి 1859లో కట్టిన గుడే దీహువా వీధిలోని షియాహాయి నగరదేవత గుడి. తర్వాత నది రేవు విదేశీ వ్యాపారానికి తెరుచుకోవడంతో ఓడిపోయినవారి పేటకే దశ తిరిగింది. 1869లో ఇక్కడి ఊలాంగ్ టీ నేరుగా న్యూయార్క్‌కు ఓడల్లో వెళ్లింది. గెలిచినవారి రేవు మేట వేసి వెనకబడింది.

ఆ గుడి చాలా చిన్నది, రెండు దుకాణాల మధ్య ఇరుక్కున్నట్టు ఉంటుంది. లోపల మాత్రం వందల విగ్రహాలు. ఎక్కువమంది వచ్చేది నగరదేవత కోసం కాదు, పక్కన నిలబడిన గడ్డపు ముసలి దేవుడు యూలావ్ కోసం. పెళ్లి సంబంధాలు కుదిర్చే దేవుడాయన. యువతీయువకులు ఎర్రదారం తీసుకెళ్తారు, సంబంధం కుదిరాక మిఠాయిలతో తిరిగి వస్తారు. ఎర్ర ఖర్జూరాలు వేసి కాచిన తియ్యని పానీయం వచ్చినవారందరికీ ఇస్తారు. వానలో తడిసి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. నగరదేవత జన్మోత్సవపు ఊరేగింపు చాంద్రమానం ఐదో నెల పదమూడో రోజు, అది తరచుగా జూన్‌లోనే పడుతుంది. మీ తేదీలతో సరిపోతుందేమో పంచాంగం చూసుకోండి. సరిపోతే ఆ ఊరేగింపు కోసం మిగతా కార్యక్రమమంతా మార్చుకున్నా నష్టం లేదు.

దీహువా వీధిలో వసారాల కిందనే గంటలు గడపవచ్చు. ఎండు పుట్టగొడుగులు, గోజీ పండ్లు, ఎండిన తామర గింజలు, టీ ఆకులు, మూలికలు, వెదురు బుట్టలు. దుకాణదారులు రుచి చూడమని చేతిలో పెడతారు. తిన్నంత మాత్రాన కొనాలని లేదు. ధర పలకలు చదివేటప్పుడు ఒక్క విషయం గుర్తుంచుకోండి: అక్కడ తూకం కిలోల్లో ఉండదు, జిన్‌ల్లో ఉంటుంది. తైవాన్ జిన్ అంటే 600 గ్రాములు, అందులో పదహారో వంతు లియాంగ్, అంటే 37.5 గ్రాములు. ఖరీదైన సరుకుకు పలక మీద లియాంగ్ ధర రాసి ఉంటే చవకగా కనిపించి మోసపోయామనిపిస్తుంది. అది మోసం కాదు, పద్ధతి. ముసురు రోజుల్లో ఎండు సరుకు తేమ పట్టకుండా గాలి చొరని సంచిలో మూయించుకోండి, అడిగితే చేసిపెడతారు. వాన మరీ జోరుగా ఉంటే యోంగ్‌లే బజారు భవనంలోకి వెళ్లండి: కింద కూరగాయలూ తినుబండారాలూ, పై అంతస్తులో బట్టల తానులు, పక్కనే కొలతలు తీసుకొని కుట్టిపెట్టేవాళ్లు.

మూడో పూట నేను ఇచ్చేది దాలోంగ్‌దోంగ్ పేటలోని బావ్‌ఆన్ గుడికి. తైపేలో ఒక్క గుడే చూసే సమయం ఉందంటే దీన్నే చూడమంటాను. ఎరుపు మార్గంలో యువాన్‌షాన్ స్టేషన్ నుంచి కొద్దిపాటి నడక. చైనా సోంగ్ రాజవంశ కాలపు వైద్యుడొకరు దేవుడై బావ్‌షెంగ్ దాదీగా పూజలందుకుంటున్నాడు. ఇప్పటి గుడి కట్టడం 1805లో మొదలైంది. 1995లో మొదలుపెట్టి ఏడేళ్లపాటు పాత పనితనం చెడకుండా జరిపిన పునరుద్ధరణకు 2003లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో గుర్తింపు దక్కింది. ప్రధాన మండపం చుట్టూ చూరు కింద నడవా ఉంది. ఆ నడవా గోడల మీద పాన్ లీష్వే 1973లో వేసిన పెద్ద కుడ్యచిత్రాలు ఉన్నాయి. వాన ఎంత పడినా తడవకుండా గుడి చుట్టూ ఒక ప్రదక్షిణగా వాటిని చూడవచ్చు. మండపం ముందు నిలబడి ఎడమ సగాన్నీ కుడి సగాన్నీ పోల్చి చూడండి. 1917 నాటి మరమ్మతుల్లో ఇద్దరు స్థపతులకు చెరొక సగం అప్పగించి పోటీ పెట్టారు. కొలతలు కలుస్తాయి కానీ దూలాల కింది చెక్కడాలు రెండు వైపులా ఒకటి కావు. తేడాలు వెతుకుతూ ఒక గంట ఇట్టే గడిచిపోతుంది.

వీధి దాటితే కన్ఫ్యూషియస్ ఆలయం. దీనికీ రూపకర్త లోంగ్‌షాన్ కట్టిన వాంగ్ యీషునే. అక్కడ అంగుళం ఖాళీ లేకుండా అలంకరించిన చేతులే ఇక్కడ స్తంభాల మీద ఒక్క అక్షరం చెక్కకుండా వదిలేశాయి. మహాగురువు ముందు తమ రాత ప్రదర్శించుకోకూడదన్న వినయం అది. రెండు గుళ్లూ చూశాకే ఆ స్థపతి స్థాయి అర్థమవుతుంది. సోమవారం ఈ ఆలయం మూసి ఉంటుంది. పాత ఉదయపు బజార్లలో చాలావాటికి కూడా సోమవారమే సెలవు. మీ నాలుగు రోజుల్లో సోమవారం ఉంటే ఆ రోజు లోంగ్‌షాన్ వైపు ఉంచుకోండి.

రోజంతా ఎడతెగని వాన అయితే జోంగ్‌షాన్ స్టేషన్‌లో దిగి, నేల కిందనే సాగే బజారు వీధిలో షువాంగ్‌లియెన్ స్టేషన్ దాకా నడిచి పైకి రండి. అక్కడ ఉదయపు బజారూ, దాని పక్కనే చదువుల దేవుడు వెన్‌చాంగ్ గుడీ ఉంటాయి. పరీక్షల కాలంలో ఆ గుడి బల్లల మీద హాల్‌టికెట్ల నకళ్లు, ఉల్లికాడల కట్టలు నైవేద్యంగా పేర్చి ఉంటాయి. శని, ఆదివారాలైతే జియెన్‌గువో ఫ్లైఓవర్ కింద పూల బజారు, జేడ్ అనే పచ్చరాళ్ల బజారు జరుగుతాయి. పైన కార్లు పోతుంటాయి, కింద చినుకు పడదు. షింగ్‌థియెన్ గుడికి కూడా వీలైతే వెళ్లండి. అక్కడ హుండీ లేదు, 2014 నుంచి ధూపం లేదు. నీలి వస్త్రాల్లోని సేవికలు బెదురు పోగొట్టే చిన్న క్రతువు ఎవరికైనా ఉచితంగా చేస్తారు.

సాయంత్రానికి రావ్‌హె రాత్రి బజారు. ఆకుపచ్చ మార్గంలో చివరి స్టేషన్ సోంగ్‌షాన్‌లో దిగితే ముందు 1753లో వెలసిన త్సియో గుడి కనిపిస్తుంది, సముద్రదేవత మాజు గుడి అది. బజారు ద్వారం దాని పక్కనే. దీహువా వీధికి దగ్గరైన బెయ్‌మెన్ స్టేషన్ కూడా ఇదే మార్గంలో ఉంది కాబట్టి ఆ రెంటినీ ఒకే రోజు పెట్టుకోవచ్చు. ఈ బజారు ఒక్కటే పొడవాటి వీధి, మధ్యలోనూ బండ్లు, రెండు వైపులా జనం. గొడుగులు ఒకదానికొకటి తగిలి నీళ్లు పక్కవాళ్ల మెడలో కారుతాయి. ఇక్కడ వానకోటే ధర్మం. కుండపోత అయితే చాలా బండ్లు రావు, సన్నని జల్లు అయితే జనం తగ్గి హాయిగా తిరగవచ్చు.

తిండి విషయంలో మీరు అదృష్టవంతులు. తైపేలో బౌద్ధ శాకాహారం పాత సంప్రదాయం; దుకాణం బోర్డు మీద స్వస్తిక గుర్తు కనిపిస్తే అది శాకాహార భోజనశాల అని తెలుసుకోండి. అక్కడ సాధారణంగా ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. నచ్చినవి పళ్లెంలో పెట్టుకొని తూకానికి డబ్బిచ్చే శాకాహార బఫేలు ఒంటరి ప్రయాణికులకు అన్నిటికంటే సుఖం. రాత్రి బజారులో మాత్రం జాగ్రత్త: ఆకుకూర వేపుడులోనూ పందికొవ్వు పడవచ్చు, నూడుల్స్ మాంసపు రసంలో ఉడకవచ్చు, రావ్‌హెలో అందరూ వరుసకట్టే మిరియాల రొట్టెలో ఉండేది పందిమాంసం. చిలగడదుంప ఉండలు, వేరుశనగ పొడి మీద ఐస్‌క్రీము పెట్టి చుట్టిన అప్పడం లాంటిది, వేడి అల్లం పాకంలో వేసిచ్చే మెత్తని టోఫూ మీకు సరిపోతాయి. ముసురులో ఆ అల్లం పాకం తప్పక తాగండి.

మెట్రోకు, బస్సులకు, చిన్న దుకాణాలకు ముందుగా డబ్బు నింపుకునే ఈజీకార్డ్ ఒకటి కొనుక్కుంటే చాలు. బండ్ల దగ్గర మాత్రం చిల్లర నోట్లు కావాలి. మెట్రోలో గేటు దాటాక నీళ్లు తాగినా తప్పే, 1,500 నుంచి 7,500 తైవాన్ డాలర్ల వరకు జరిమానా. ఒంటరిగా తిరగడానికి ఇంత నిశ్చింతగా ఉండే నగరాలు తక్కువ; మీరు మహిళ అయితే రాత్రివేళ ప్లాట్‌ఫాం మీద కెమెరాల నిఘాలో ప్రత్యేకంగా గుర్తించిన నిరీక్షణ స్థలాలు కనిపిస్తాయి. పోలీసులకు 110, అంబులెన్స్‌కు 119. బట్టలు గదిలో ఆరవు, వీధివీధినా ఉండే నాణేల లాండ్రీలో ఆరబెట్టుకోండి.

తుఫాను మాత్రం వేరే సంగతి. జూన్‌లో అరుదే కానీ రావచ్చు. హెచ్చరిక వెలువడితే మరుసటి రోజు కార్యాలయాలకు, బడులకు సెలవో కాదో నగర ప్రభుత్వం సాధారణంగా ముందు రోజు రాత్రే ప్రకటిస్తుంది. సెలవు అని వచ్చిందంటే బజార్లు మూతపడతాయి, నేలపైన నడిచే మెట్రో మార్గాలు ఆగిపోవచ్చు. ఆ రాత్రే దుకాణానికి వెళ్లి ఒక రోజుకు సరిపడా తిండి, నీళ్లు తెచ్చుకొని గదిలో ఉండండి. గాలి తగ్గిందని ప్రకటించేదాకా గుడికి కూడా బయలుదేరవద్దు.